తోలు ఎడమ, అట్ట కుడి

"చచ్చిపోయిందని నువ్వే అంటున్నావు. చచ్చినదానికి మళ్ళీ నకలెందుకు?"

భర్త ఆ ప్రశ్న వేయడం ఉదయం నుంచి ఇది మొదటిసారి కాదు. మాటలు మారుతున్నాయి గాని ప్రశ్న మారడం లేదు. పెద్దకోడలు తెర వైపే చూస్తోంది. తెర నల్లగా ఉంది. పైన ఒకే ఒక్క తెల్లని వరుస: నడపడానికి తగిన వ్యవస్థ ఏదీ ఈ యంత్రంలో కనబడలేదని. ఆ వరుసను చదవడం ఆమె ఎప్పుడో మానేసింది. ఇప్పుడు ఆమె చదువుతున్నది తన వెనుక నిలబడ్డవాళ్ళ మౌనాలను.

ఆ ఇంటి ముందుభాగమంతా పనిగదే. బూట్ల పైతోళ్ళు కత్తిరించి కంపెనీలకు పంపడం ఇంటి బతుకుతెరువు. కోతబల్ల మీద పరిచిన తోలు పరిచినట్టే ఉంది. దాని మీద ఆగిపోయిన కత్తి, మాట మధ్యలో నోరు మూసుకున్న మనిషిలా ఉంది. గోడవార తన పాత చేతిబల్ల దగ్గర అత్తగారు కూర్చుని, వాడక మానేసిన చేతికత్తిని సానరాయి మీద రాస్తోంది. మనసు బాగోలేనప్పుడు ఆమె చేసే పని అదొక్కటే.

కోతబల్లకు ఏ గీత మీద కోయాలో చెప్పేది ఈ కంప్యూటరు. వయసు మీరినదని ఇంట్లో అందరూ దీన్ని 'ముసలాయన' అంటారు. ముసలాయన బుర్రలో ఉన్న ప్రోగ్రాము తయారుచేసిన సంస్థ మూతబడి చాలా కాలమైంది. ప్రోగ్రాము వచ్చిన డిస్కు ఇల్లు మారినప్పుడెప్పుడో పోయింది. కనుక కొత్త కంప్యూటరు కొన్నంత మాత్రాన ఆ ప్రోగ్రాము దానిలోకి రాదు.

ఈ సంగతి ముందుగా గ్రహించింది పెద్దకోడలే. అందుకే ప్రతి శనివారం పని ముగిశాక, ముసలాయనను పెన్‌డ్రైవు సాయంతో లేపి, లోపలి డ్రైవు మొత్తాన్ని, ప్రోగ్రాముతో, అమరికలతో, ఆ వారం గీసిన గీతలతో సహా, ఒకే మూటగా బయటి డిస్కులోకి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీస్తుంది. అందుకు రెండు డిస్కులున్నాయి, ఒకటి నలుపు, ఒకటి నీలం. మూట కట్టిన డిస్కు పళ్ళ డాక్టరైన ఆడపడుచు క్లినిక్‌కు వెళ్తుంది, అక్కడ ఉన్నది ఇంటికి వస్తుంది. తాజాది ఎప్పుడూ ఇల్లు దాటి ఉండాలన్నది పెద్దకోడలు పెట్టిన పద్ధతి. ఇల్లు కాలిపోయినా ముసలాయన బతకాలి అని ఆమె మొదటిసారి వివరించిన రోజున, శుభమా అంటూ పని మొదలుపెడుతూ ఇల్లు కాలడమేమిటని అత్తగారు ముఖం ముడుచుకుంది.

ఇవాళ ఆ పద్ధతే ఆమె మెడకు చుట్టుకుంది. ముసలాయనను బతికించడం తెలిసింది ఆమె ఒక్కతెకే కనుక, చంపడం కూడా ఆమెకే తెలుసునన్నది ఇంట్లో అందరి మనసుల్లోనూ కూర్చున్న తర్కం.

పైగా ఆమె తమ్ముడు ఈమధ్యే పక్క వీధిలో ఇలాంటి పనిగదినే తెరిచాడు. నిన్న సాయంత్రం తోడికోడలు పాఠాలు చెప్పే బడిలో పిల్లల నాటకం. అత్తగారిని తీసుకుని మరిది, తోడికోడలు ముందు వెళ్ళారు. ఇంటికి తాళం వేసి భర్త వెనకాలే వచ్చాడు. ఆయనకంటే ముందే బయల్దేరిన పెద్దకోడలు మాత్రం నాటకం సగమయ్యాక వచ్చింది. తాళంచెవి అందరి దగ్గరా ఉంటుంది. తమ్ముడి పనిగది, నిన్నటి ఆలస్యం, ఈ రెంటినీ కలిపి ఒకే మాటలో ఇంతవరకు ఎవరూ అనలేదు.

"నీలం డిస్కు చెల్లెలి దగ్గర్నుంచి మా తమ్ముడు తెచ్చేశాడు కదా," అన్నాడు భర్త. "పోయిన శనివారంది అందులో ఉంది. ఎక్కించెయ్. పని మొదలవుతుంది."

"ఎక్కిస్తే ఇప్పుడు లోపలున్నది తుడిచిపెట్టుకుపోతుందండీ."

"లోపల ఏముందని?"

"అదే చూడాలి."

గుమ్మంలో నిలబడ్డ తోడికోడలు చిన్నగా నవ్వింది. ఇవాళ ఆమె బడికి సెలవు పెట్టింది. "ఏముందో అక్కకే తెలియాలి. తీసేది అక్క, పెట్టేది అక్క. మనం తలలూపడానికేగా ఉన్నాం."

"అడగాలనుంటే తిన్నగా అడుగు."

"అడగనా? నిన్న నాటకానికి ఎందుకాలస్యమైంది?"

అడిగేసింది. సానరాయి చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. తన తల్లి కళ్ళజోడు బాగై వచ్చిందని, దాన్ని తమ్ముడి పనిగదిలో ఇచ్చి వచ్చానని పెద్దకోడలు చెప్పింది. తమ్ముడు అన్న మాట వినబడగానే కిటికీ దగ్గరున్న మరిది ఇటు తిరిగాడు. అతను మాట్లాడని మనిషి. కోతబల్ల నడపడం, తోలు మడతలు చూసుకోవడం తప్ప ఇంటి గొడవల్లో వేలు పెట్టడు. అందుకే అతను అన్న మాట ఎక్కువ లోతుకు దిగింది.

"మీవాళ్ళింటికి కళ్ళజోడే వెళ్ళిందా వదినా, ఇంకేమైనా వెళ్ళిందా?"

పెద్దకోడలు భర్త వైపు చూసింది. కళ్ళజోడు దుకాణం నుంచి తెచ్చింది ఆయనే. నిన్న సాయంత్రమే దారిలో ఇచ్చెయ్, పాపం ఆవిడ చదువుకోలేక అవస్థ పడుతుంటుంది అని చేతిలో పెట్టిందీ ఆయనే. ఆ మాట ఇప్పుడు చెప్తాడని ఎదురుచూసింది. ఆయన జేబులోంచి ఫోను తీసి దాని మీద లేని దుమ్ము తుడిచాడు.

చెప్పలేదు.

ఒక్క మాటతో తీరిపోయేదాన్ని ఆయన ఎందుకు తీరనివ్వడం లేదు? తన తమ్ముడి ఎదుట భార్యను వెనకేసుకొస్తే చులకనవుతాననుకున్నాడా? అంతేనా? అంతే అయ్యుంటుందని సర్దుకుంది. పెళ్ళయిన నాటినుంచి ఇలాంటివి సర్దుకోవడం ఆమెకు అలవాటే.

"డ్రైవు చెడిపోలేదు," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "పొద్దున్న పెన్‌డ్రైవు మీద లేపి చూశాను. గుండ్రాయిలా ఉంది. కానీ లోపల గదులు మారిపోయాయి. ముసలాయన డ్రైవును చాలా అరలుగా విడగొట్టి ఉంచాను. ఇప్పుడు ఒక్కటే అర ఉంది. దానంతటది ఇలా అవదు. ఎవరో చేశారు. చేసినవాళ్ళ జాడ ఆ ఒక్క అరలోనే ఉంది. నీలం డిస్కు ఎక్కించిన మరుక్షణం ఆ జాడ పోతుంది, నా నెత్తిన పడ్డ నింద మాత్రం మిగిలిపోతుంది. ముందు దీన్ని ఉన్నదున్నట్టు నల్ల డిస్కులోకి తీస్తాను. ఆ తర్వాత మీరు ఏం ఎక్కించమంటే అది ఎక్కిస్తాను."

"తియ్యనివ్వు," అంది అత్తగారు, తల ఎత్తకుండా. ఉదయం నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

*

నల్ల డిస్కు తీగ తగిలించి, ఇమేజ్ తీయడం మొదలుపెట్టాక, చేయగలిగింది ఇంకేమీ లేదు. తెర మీద ఆకుపచ్చ గీత చీమ నడకన కుడివైపుకు సాగుతోంది. పెద్దకోడలు బల్ల కింది పీట మీద పాదాలు ఆనించుకుని కూర్చుంది. ఆమె పొట్టి మనిషి. ఆ కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందవని కాపురానికి వచ్చిన కొత్తలోనే భర్త చెక్కముక్కలతో వాలుగా ఆ పీట కొట్టి ఇచ్చాడు. మహారాణిగారి పాదపీఠం అని తోడికోడలు ఆటపట్టిస్తుంటుంది. ఇవాళ ఆ పరిహాసం కూడా లేదు.

తోడికోడలు గుమ్మం వదలలేదు. కాపలా కాస్తున్నట్టు ఉంది. భర్త లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. వచ్చిన ప్రతిసారీ గీత ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నాడు. తెర చూసిన చూపు ఆమె ముఖం దాకా రావడం లేదు.

ఊరికే నిలబడలేక మరిది తల్లి పక్కన చేతిబల్ల ఖాళీ చేసి, యంత్రం లేవకపోయినా చేత్తోనైనా నాలుగు జతలు కోద్దామని తోలుముక్క పరిచాడు. పైతోలు ఆకారంలో కత్తిరించి ఉంచిన అట్ట తీసుకున్నాడు. పెద్దకోడలు అటు చూసింది. రోజూ చూసే దృశ్యమే. తోలు ఎడమ చేతి వైపు, అట్ట కుడి చేతి వైపు. అది అత్తగారి బల్ల కట్టుబాటు. కోయాల్సిన ఆకారం కుడి నుంచి తీసుకుని, ఎడమనున్న తోలు మీద పెట్టాలి. ఎడమ చేత్తో అట్టను అదిమి, కుడి చేత్తో కత్తి నడపాలి. తోలు కుడివైపు పరిచినవాడి వేళ్ళ మీద ఆమె స్కేలుతో కొట్టేదట. ఆ దెబ్బలు తిన్న చేతులు నిద్రలో కూడా తప్పు చేయవని మరిది నవ్వుతూ చెబుతుండేవాడు.

పెద్దకోడలు చూపు అక్కడి నుంచి తెర మీదికి వచ్చి ఆగిపోయింది.

ఇమేజ్ తీసే ఆ ప్రోగ్రాములోనే, ఒక డిస్కును ఇంకో డిస్కులోకి తిన్నగా నకలు చేసే తెర కూడా ఉంది. దాని మీద రెండు పెట్టెలుంటాయి. దేన్నుంచి తీసుకోవాలో అది ఎడమ పెట్టెలో. దేంట్లోకి వెళ్ళాలో అది కుడి పెట్టెలో. బల్ల మీది కట్టుబాటుకు సరిగ్గా వ్యతిరేకం.

కారణం నుంచి ఫలితం దాకా ఒక్కొక్క మెట్టూ దిగి, మళ్ళీ పైకెక్కి సరిచూసుకుంది. ఎక్కడా మెట్టు విరగలేదు.

"నిన్న ఎవరో తమ డిస్కు తెచ్చుకున్నారు," అంది మెల్లగా. సానరాయి ఆగింది. "ముసలాయన నకలు అందులోకి తీసుకుందామనుకున్నారు. నకలుంటే చాలు, ఇంకో కంప్యూటరులో పెట్టుకుని ఇంకో చోట ఇలాంటి పనిగదే నడుపుకోవచ్చు. కానీ పెట్టెలు తారుమారు చేశారు. ముసలాయన్ని కుడివైపు పెట్టారు, అట్టలాగ. తమ డిస్కును ఎడమవైపు పెట్టారు, తోలులాగ. చెరిగిపోతుంది, సరేనా అని ప్రోగ్రాము అడిగే ఉంటుంది. చెరిగేది తమ డిస్కే అనుకుని సరేనన్నారు. అప్పుడేమైంది? మనది వాళ్ళ డిస్కులోకి వెళ్ళలేదు. వాళ్ళ డిస్కులో ఉన్నదంతా మన ముసలాయన మీద పడింది."

మరిది చేతిలోని అట్ట చేతిలోనే ఉండిపోయింది.

"ఆ ఒక్క అర వాళ్ళ డిస్కుది," అంది పెద్దకోడలు. "ఇప్పుడు నల్లదాంట్లోకి వెళ్తున్నది అదే. ఇంకో సంగతి. ఎడమ తోలు, కుడి అట్ట అని చేయి దానంతటది పోయేవాళ్ళే ఈ తప్పు చేస్తారు. నేను చేయను. చేయలేను. అడుగుపెట్టిన రోజు నుంచి నా చేతికి అత్తయ్య కత్తి ఇవ్వలేదు. పరాయింటి పిల్ల, తోలు పాడుచేస్తుంది అన్నారు. అప్పుడు ఏడ్చాను. ఇవాళ ఆ మాటే నాకు సాక్ష్యం."

చెప్పడం పూర్తయ్యాకగాని తాను ఏమన్నదో ఆమెకు పూర్తిగా తెలియలేదు. తోడికోడలికి వెంటనే తెలిసింది.

"అంటే?" గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వచ్చింది. "ఈ ఇంట్లో కత్తి పట్టింది అత్తయ్య, మా ఆయన. అత్తయ్య కంప్యూటరు ముట్టుకోరు. ఇక మిగిలిందెవరో నువ్వే చెప్పు అక్కా. చెప్పు, నీ నోటితోనే విందాం."

"నేను పేరు చెప్పలేదు."

"చెప్పక్కర్లేదు. దారిలో ముళ్ళన్నీ ఏరి, ఒక్క గుమ్మం దాకా తీసుకొచ్చి వదిలేశావుగా."

మరిది అట్టను బల్ల మీద పెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. తనకు వేరుపడాలని ఉంటే అన్నయ్య ముందు నిలబడి అడుగుతానని, దొంగచాటుగా నకళ్ళు తీసుకోనని అన్నాడు. ఆ మాటలు వదినతో అనలేదు, అమ్మతో అన్నాడు. అత్తగారు కొడుకు ముఖం చూడలేదు. తన చేతిలోని కత్తి అంచును బొటనవేలితో మెల్లగా తడుముతూ, ఎక్కడో దూరంగా ఏదో జ్ఞాపకం తెచ్చుకుంటున్నట్టు ఉండిపోయింది.

అప్పుడు భర్త ముందుకు వచ్చాడు. ఉదయం నుంచి లేని మెత్తదనం ఆయన గొంతులోకి వచ్చింది.

"పోనీలెండి. ఎవరైతేనేం? మనవాళ్ళేగా. ఎవరికి ఏ అవసరమొచ్చి చేశారో. ఇది తవ్వుకుంటూ కూర్చుంటే ఇల్లు రెండుగా చీలుతుంది. ఆ నకలు ఆపేసి నీలం డిస్కు ఎక్కించు. జరిగింది మర్చిపోదాం."

తోడికోడలు కళ్ళనిండా నీళ్ళతో బావగారి వైపు కృతజ్ఞతగా చూసింది. మరిది తల దించుకున్నాడు. ఇంటి పెద్ద అంటే ఇలా ఉండాలి అని అనిపించే క్షణం అది.

పెద్దకోడలికి మాత్రం ఒక చిన్న లెక్క కుదరలేదు. ఈ మెత్తదనం నిందంతా తన మీద ఉన్నప్పుడు ఎక్కడికి పోయింది? మరిది పేరు వచ్చేసరికి మనవాళ్ళేగా అన్నాడు. తన పేరు వచ్చినప్పుడు ఫోను తుడుచుకున్నాడు.

"కాస్తే మిగిలింది," అంది. "అయిపోనివ్వండి."

*

ఆకుపచ్చ గీత చివరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. భోజనానికి రమ్మని లోపలి నుంచి కేక వచ్చినా ఆమె లేవలేదు. వెనక వంటింట్లో కంచాల చప్పుడు, మాటలు లేని భోజనం చప్పుడు వినబడుతున్నాయి. పనిగదిలో ఆమె ఒక్కతే ఉంది.

నల్ల డిస్కులోకి చేరిన ఇమేజ్‌ను, తాళం తీసిన బీరువాలాగా తెరిచింది. లోపల పెద్దగా ఏమీ లేదు. కొన్ని ఫోటోలు మాత్రం ఉన్నాయి.

ఏదో మేడ మీది గది. ఖాళీగా ఉంది. కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు కనబడుతోంది. ఇంకో ఫోటోలో అదే గదిలో నేల మీద సుద్దతో గీసిన పెద్ద దీర్ఘచతురస్రం. కోతబల్ల పట్టేంత చోటు, చుట్టూ మనిషి తిరిగేంత చోటు వదిలి మరీ గీశారు. ఇంకో ఫోటోలో గోడవార ప్లాస్టిక్ కాగితం విప్పని కొత్త కంప్యూటరు, దాని ముందు బల్ల, కుర్చీ. చివరి ఫోటో గోడ కొలత. టేపును గోడకు అదిమిపట్టిన చేయి మణికట్టు దాకా పడింది.

చూపుడు వేలి కొస చదునుగా ఉంది. ఎవరో అంచు మీద అడ్డంగా కోసేసినట్టు.

ఆ వేలిని ఆమె ఎరగకపోవడమేమిటి? పెళ్ళైన కొత్తలో ఇదేమిటని అడిగితే, చిన్నప్పుడు తలుపు సందున నలిగిందన్నాడు భర్త. పాపం అని ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేయి ఎన్నోసార్లు తన తల నిమిరింది. తన కాళ్ళ కింద పీట కొట్టింది.

కొద్ది వారాల కిందట ఒక శనివారం, ఎప్పుడూ లేనిది, ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఇదేమిటి, అదేమిటి, నకలు తీయాలంటే ఎక్కడ నొక్కాలి అని అడిగాడు. తన పని మీద ఇన్నాళ్ళకు ఆయనకు ఆసక్తి కలిగిందని ఆ రోజంతా ఆమె లోలోపల పొంగిపోయింది. ఇప్పుడు ఆ సంతోషాన్ని తలచుకుంటే, ఎవరో చూస్తుండగా జారిపడినట్టు సిగ్గు వేసింది. కళ్ళజోడు చేతిలో పెట్టి దారి మళ్ళించింది ఆయనే. తాళం వేసి వస్తానన్నది ఆయనే. నకలును దానంతట దాన్ని నడవనిచ్చి, పైన తాళం వేసుకుని, వచ్చి పిల్లల నాటకానికి చప్పట్లు కొట్టాడు. రాత్రి అందరూ పడుకున్నాక తన డిస్కు తీసేసుకుని ఉంటాడు.

కానీ కత్తి? ఆయన ఏనాడూ కత్తి పట్టలేదే. ఆర్డర్లు, కంపెనీలు, తిరుగుళ్ళు తప్ప.

"నా దగ్గర మొదట కత్తి పట్టింది వాడే."

పెద్దకోడలు ఉలిక్కిపడి తిరిగింది. అత్తగారు ఎప్పుడు వచ్చిందో, కుర్చీ వెనుక నిలబడి ఉంది. చూపు ఫోటో మీద ఉంది. అట్ట వంపు చూసి ఏ కాలి సైజో చెప్పే చూపు అది.

"చిన్నవాడికి వాడి తర్వాతే నేర్పాను. పెద్దాడి చేయి ఇంకా మంచి చేయి. ఒకరోజు నేను తొందరపెట్టాను. వేలు పోయింది. మళ్ళీ బల్ల దగ్గరకు రాలేదు. ఎవరడిగినా తలుపు సందు అని చెప్పమన్నాడు. చెప్పాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "కత్తి మానేశాడు గానీ చేయి మరచిపోలేదన్నమాట. నువ్వు పొద్దున్న ఎడమ, కుడి అంటుంటేనే నాకు తెలిసిపోయింది."

"మరి చిన్నాయన్ని అంటుంటే ఊరుకున్నారేం అత్తయ్యా?"

అత్తగారు నీలం డిస్కు తీసి చేతికిచ్చింది. "ముందు ముసలాయన్ని లేపు," అంది.

పెద్దకోడలు నీలం డిస్కు తగిలించింది. ఎడమ పెట్టె, కుడి పెట్టె రెండుసార్లు చూసుకుంది. చెరిగిపోతుంది, సరేనా అని ప్రోగ్రాము అడిగింది. నొక్కితే ఆ గది, సుద్ద గీత, ఆ చేయి ఈ యంత్రంలోంచి పోతాయి. ఇక అవి మిగిలేది నల్ల డిస్కులో మాత్రమే.

నొక్కింది.

పోయిన శనివారం కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చింది. ముసలాయన దగ్గినట్టు చప్పుడు చేసి లేచాడు. ప్రోగ్రాము తెరుచుకుంది. ఈ వారం గీసిన గీతలు లేవు. వాటిని మళ్ళీ గీసుకోవచ్చు. కోతబల్ల మీద కత్తి ఒకసారి వణికి, తన మొదటి స్థానానికి వెళ్ళి నిలిచింది. ఆ చప్పుడుకి ఇంట్లోవాళ్ళంతా చేతులు కూడా సరిగా తుడుచుకోకుండా పనిగదిలోకి వచ్చారు. మరిది తోలు సరిచేశాడు. అతని ముఖంలో సంతోషం లేదు.

"ఇంతకీ తెలిసిందా అక్కా?" అంది తోడికోడలు. గొంతులో ఎత్తిపొడుపు పోయింది. భయం మిగిలింది. తన భర్త భుజం పక్కకు వచ్చి నిలబడింది. "ఆ డిస్కు ఎవరిదో... అందులో ఏముందో... చెప్పు. ఏదైనా సరే, చెప్పెయ్."

మరిది కూడా చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. తీర్పు కోసం నిలబడ్డ మనిషి చూపది.

భర్త నవ్వాడు. "ఇంకా అదేనా? వదిలెయ్యమన్నానుగా." ఆయన ముందుకు వచ్చి చేయి చాపాడు. "ఆ నల్లది ఇటివ్వు. చెల్లెలి క్లినిక్ వైపే వెళ్తున్నాను. ఈసారి నేనే ఇచ్చొస్తాను."

ఇన్నేళ్ళలో ఏ డిస్కూ ఆయన చేతి మీదుగా ఇల్లు దాటలేదు.

చాపిన చేయి ఆమె కళ్ళ ముందే ఉంది. చదునైన వేలి కొస ఆమె వైపే ఉంది. నల్ల డిస్కు ఆమె ఒడిలో ఇంకా వెచ్చగా ఉంది. ఒక్క మాట చాలు. దొంగ అన్న పేరు తన మీది నుంచి, పాపం మరిది మీది నుంచి కూడా లేచిపోతుంది. ఎక్కడ ఉండాలో అక్కడికి వెళ్ళి కూర్చుంటుంది. ఆమె గొంతు సవరించుకుంది.

సరిగ్గా అప్పుడే అత్తగారు కింద పడిన తోలుముక్క ఏరుతున్నట్టుగా వంగింది. లేస్తూ లేస్తూ పెద్దకోడలి చెవి దగ్గర ఆగింది. ఆమెకు తప్ప ఇంకెవరికీ వినబడనంత నెమ్మదిగా అడిగింది.

"ఆ గదిలో, కొత్త కంప్యూటరు బల్ల కింద వాలుగా ఒక పీట కొట్టి ఉంది, చూశావా? అది ఎవరి కాళ్ళకి కొట్టించాడమ్మాయ్?"

పెద్దకోడలు చూడలేదు. వేలు కనబడ్డాక ఆమెకు ఇంకేమీ కనబడలేదు. ఇప్పుడు, కళ్ళు మూసుకోకుండానే, ఆ బల్ల కింద వాలుగా ఉన్న చెక్క కనబడింది. ఆయన తనను మోసం చేసి వెళ్ళిపోవడం లేదు. తనను అడగకుండా తీసుకువెళ్తున్నాడు. ఆ ఫోటో బయటపడితే దొంగ పేరు ఒకరితో ఆగదు. తనకేమీ తెలియదంటే ఈ గదిలో నమ్మేవాళ్ళెవరు?

అత్తగారు జవాబు కోసం చూస్తోంది. ఆయన చేయి ఇంకా చాపే ఉంది. తోడికోడలు, మరిది ఆమె పెదవుల వైపే చూస్తున్నారు.

పెద్దకోడలు, తనకు తెలియకుండానే, బల్ల కింద పీట మీది నుంచి పాదాలు వెనక్కి తీసుకుంది. అవి నేలకు అందలేదు.